నలభై మూడేళ్ల ఆయుష్షు

పోయినవారం మనం ఎల్సీరాని శ్మశానం గేటు దగ్గర వదిలేసి వచ్చాం. పాపం, చేతిలో కార్నేషన్ పూలకట్టతో నిలబడి ఉంది. నవంబరు ఒకటి, పోయినవాళ్లందరి పండుగ. వల్పరైసో ఊరు ఊరంతా బకెట్లూ చీపుళ్లూ పట్టుకుని సమాధులు కడగడానికి కొండెక్కిన రోజు. ఆ జనంలో పూలమ్మాయితో బేరమాడుతూనే ఆవిడ మొగుడు నిబాల్దో వెనక్కి తిరిగి, "అన్నట్టు, మీ బడి వంటింటి పెద్దావిడతో మాట్లాడేశాను. ఈ నెలాఖరుతో నువ్వు మానేస్తున్నావని చెప్పేశాను" అన్నాడు. అని, మళ్లీ బేరంలో పడ్డాడు.

ఎల్సీరా ఆ పూలకట్ట ఆయన నెత్తిన కొట్టలేదు. కొట్టి ఉంటే చూసినవాళ్లెవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ప్రతి ఏడూ చేసినట్టే శ్మశానం మధ్యలో ఉన్న పెద్దశిలువ దగ్గరికి నడిచింది. దూరాభారాన ఎక్కడో మట్టిలో కలిసినవాళ్లకి, సమాధి కడగడానికి మనిషి వెళ్లలేనివాళ్లకి, అందరికీ కలిపి ఆ ఒక్క శిలువే దిక్కు. నిబాల్దో తండ్రి అర్తేమియో ఉత్తరాన ఎడారిలో, నైట్రేట్ గనుల వైపు పనికెళ్లి అక్కడే పోయాడు. నలభై మూడేళ్లకే, నిద్రలో, గుండె ఆగి. అందుకే ఆయన పువ్వులు ఇక్కడ పెడతారు. ఈసారి మోకాళ్ల నొప్పులని అత్తగారు ఎదువీనా రాలేదు. ఆవిడ తరఫున కూడా ఎల్సీరాయే దండం పెట్టింది. దండం పెడుతూ ఏం కోరుకుందో మనకి అనవసరం. మొగుడి గురించే అయి ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ కింద బజారు నుంచి తమ కొండ మీదికి తాడుబండి ఎక్కారు. ఇనపతాడు లాగే చెక్కపెట్టె అది. ఒకటి పైకి పోతుంటే రెండోది కిందికి దిగుతుంది. పైన యంత్రాల గదిలో నిబాల్దో నలభై రెండేళ్లు ఆ తాడుని నడిపాడు. పోయిన నెలలోనే అరవై ఐదు నిండి దిగిపోయాడు. ఇప్పుడు మామూలు ప్రయాణికుడిలా బల్లమీద కూర్చున్నాడే గానీ చెవులు మాత్రం చక్రాల మీదే ఉన్నాయి. "కొత్తవాడు బ్రేకు ముందే వేస్తున్నాడు" అని గొణిగాడు. ఎల్సీరా మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

కానీ ఆ కిటికీలోంచి కిందికి పోతున్న రేవునీ, డాబాల మీద గాలికి కొట్టుకుంటున్న దుప్పట్లనీ చూస్తుంటే కోపం నిలబడలేదు ఆవిడకి. ఇరవై ఒక్కేళ్లప్పుడు, కింద చేతితొడుగుల దుకాణంలో పనిచేసే రోజుల్లో, సాయంత్రం ఈ బండిలోనే ఇంటికెళ్లేది. తను ఎక్కిన పూట బండి నత్తలా నడిచేది. జనం పైకప్పు మీద కొట్టి, "ఒరేయ్, ఇంటికెళ్లి అన్నం తినాలిరా!" అని అరిచేవాళ్లు. పైన గదిలో ఉన్న కుర్రాడు, తను వస్తున్నంతసేపూ చూడొచ్చని, కావాలనే నిదానంగా నడుపుతున్నాడని ఆమెకి తెలియడానికి ఒక వానాకాలం పట్టింది. తెలిశాక ఆమె రోజూ అదే వేళకి ఎక్కడం మొదలుపెట్టింది. ఎంత బాగుండేవో ఆ రోజులు! పెళ్లయింది. దుకాణం మానేసింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెరిగారు, అత్తారిళ్లకి వెళ్లారు. ఆ తర్వాత, నలభై ఐదేళ్లకి, కొండమీది బడిలో పిల్లలకి వండిపెట్టే పనిలో చేరింది ఎల్సీరా. మూడొందలమంది పిల్లలు. సేమ్యా వేసి వండిన చిక్కుడుగింజల కూర పెట్టే రోజున, "ఎల్సీ పిన్నీ, అడుగున మాడింది నాకు! నాకు!" అని గిన్నెలు ఎత్తి నిలబడేవాళ్లు. పదిహేనేళ్ల నుంచీ ఆ అరుపు వినకపోతే ఆవిడకి తెల్లారినట్టే ఉండదు.

ఇప్పుడు ఆ పని మానెయ్యమంటున్నాడు. ఆడవాళ్లకి అరవై నిండితే పెన్షన్ తీసుకోవచ్చు, నిజమే. కానీ జీతంలోంచి కోసి ఎల్సీరా పేరున జమ చేసింది ఈ పదిహేనేళ్లదే. అంతకుముందు ఇంట్లో పిల్లల్ని పెంచి, అత్తగారికి సేవ చేసి, మొగుడి చొక్కాల గ్రీజు మరకలు ఉతికిన ఏళ్లకి ఎవరూ పైసా జమ వెయ్యలేదు. ఇప్పుడే మానేస్తే చేతికొచ్చేది కిరాణాకొట్టుకే చాలదు. పైగా ఎల్సీరా పుట్టింట్లో ఆడవాళ్లు తొందరగా పోరు. అమ్మమ్మ తొంభై ఏడేళ్లు బతికింది. అమ్మ తొంభై దాటి, ఇప్పటికీ కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది.

ఇక రేపు పొద్దున నిబాల్దో తన పెన్షన్ కాగితం మీద సంతకం పెట్టాలి. రెండు దారులు చూపించారు. ఒకటి, కొంచెం తక్కువైనా బతికున్నంతకాలం నెలనెలా అదే ఇస్తారు, ఆయన పోయాక భార్యకీ కొంత ఇస్తారు. రెండోది, మొదట్లో చేతినిండా వస్తుంది, ఏటికేడాది చిక్కిపోతుంది. నిబాల్దో రెండోదానికే ఒట్టుపెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకంటే ఆయన ఎక్కువకాలం బతకడు. ఎవరు చెప్పారని అడక్కండి. ఆయనకి తెలుసు, అంతే.

*

ఇంటికొచ్చేసరికి ఎదువీనా కిటికీ పక్క కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. నల్లగౌను. మొగుడు పోయినప్పటి నుంచీ నలుపు తప్ప ఇంకో రంగు ఒంటిమీద వేసి ఎరగదు. "జనం బాగా ఉన్నారా?" అని మాత్రం అడిగింది.

"ఇసకేస్తే రాలనంతమంది" అంది ఎల్సీరా. కెటిల్ పొయ్యిమీద పెట్టింది. రొట్టె నాలుగు పాయలుగా తుంచింది. అవకాడో చిదిమి ఉప్పు వేసింది. సాయంత్రం టీ అంటే ఆ ఇంట్లో పెద్ద భోజనం కిందే లెక్క. ఏ గొడవైనా ఆ బల్ల దగ్గరే తేలాలి.

కప్పుల్లో టీ పోసి, కూర్చుని, అప్పుడు అడిగింది. "ఇప్పుడు చెప్పు నిబా. మా పెద్దావిడతో ఏమన్నావు?"

నిబాల్దో రొట్టె నములుతూ, "అదే, చెప్పానుగా. నెలాఖరుకి..."

"నన్నడిగావా?"

"అడిగితే వద్దంటావుగా!"

"వద్దంటానని తెలిసి కూడా చెప్పొచ్చావన్నమాట."

"ఎల్సీ, అరవకు. అమ్మ ఉంది."

"నేను అరవట్లేదు. నువ్వే దిక్కులు చూస్తున్నావు." నిజమే, ఆవిడ గొంతు పెంచలేదు. పెంచకపోవడమే నిబాల్దోకి భయం. "చెయ్యి నాది, గరిటె నాది, మానేస్తానని చెప్పే నోరు నీదా?"

నిబాల్దో కప్పు పక్కకి జరిపాడు. మనిషి చెడ్డవాడు కాడండీ. ఆ ఊళ్లో చాలామంది మొగుళ్లతో పోలిస్తే బంగారం. తన గుండె గురించిన బెంగ ఒక్కటే ఆయన్ని ఇలా చేసింది.

"నా మాట విను ముసలీ" అన్నాడు పెళ్లాన్ని బతిమాలుతున్నట్టు. "నాకెన్నాళ్లుందో చెప్పు. మా తాత యాభై చూడలేదు. మా పెదనాన్న యాభై రెండు. నాన్న నలభై మూడు. మా వంశంలో మగవాడి గుండె అంతే, తొందరగా ఆగిపోతుంది. నలభై నాలుగో పుట్టినరోజు పొద్దున నిద్రలేచి నేను ఏడ్చాను, గుర్తుందా? బతికే ఉన్నానని ఏడ్చాను. అప్పట్నించీ నావన్నీ అరువు తెచ్చుకున్న ఏళ్లే. ఆ ఆఫీసులో కుర్రాడు, 'మా పట్టికల ప్రకారం మీరు ఇంకా ఇరవై ఏళ్లు పైనే ఉంటారు సార్' అన్నాడు. నవ్వొచ్చింది నాకు. ఆ లెక్కలు వేసేవాళ్లు మనందరం నూటపదేళ్లు బతుకుతామనుకుంటారు. ఎక్కువేళ్లు అని చెప్తే నెలకి తక్కువ ఇవ్వొచ్చుగా! మా నాన్నని అడగమను ఆ పట్టికల్ని."

"సరే, అందుకని?"

"అందుకని, ఉన్న రెండు మూడేళ్లు నీతో ఉంటానంటున్నాను. అంతేకదా! మొదట్లో ఎక్కువిచ్చేదే తీసుకుంటాను. దక్షిణాదికి రైలెక్కి వెళ్దాం. సరస్సులు చూద్దాం. పెళ్లైన కొత్తలో వెళ్దామనుకున్నాం, నాకు సెలవు దొరకలేదు, తర్వాత పిల్లలు, తర్వాత నీ బడి... నేను పొద్దున్నే లేచి ఈ బల్ల దగ్గర కూర్చుంటే నువ్వు ఉండవు ఎల్సీ. మధ్యాహ్నం నాలుగింటిదాకా ఉండవు. గోడలు చూస్తూ కూర్చుంటున్నాను. నువ్వు బండిలో వస్తున్నంతసేపూ చూడొచ్చని తాడు నిదానంగా నడిపినవాణ్ణి. ఇప్పుడు చూడ్డానికి టైముంది, నువ్వే లేవు."

ఎల్సీరా తలొంచుకుంది. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే. కోపం తెప్పించేదీ ఆయనే, ఆ కోపానికి మనల్ని సిగ్గుపడేలా చేసేదీ ఆయనే. ఒక్క క్షణం ఆవిడకి సరస్సులు కనిపించాయి, రైలు కిటికీ పక్కన ఇద్దరూ కూర్చోవడం కనిపించింది. ఆ క్షణంలో ఆయన చెయ్యి చాచి ఉంటే, 'సరేలే, మానేస్తాను' అనేసేదే. మనసు కరిగిపోయింది ఆవిడకి.

కానీ మొగవాడు గెలుస్తున్నప్పుడు ఊరుకోడు కదా. ఇంకో మాట చేరుస్తాడు.

"నీకేం లోటు రాదు" అన్నాడు నిబాల్దో, కాస్త ధైర్యం తెచ్చుకుని. "అమ్మని చూడు. నాన్న పోయేనాటికి నాకు పదహారు. అమ్మ ఒక్కనాడు గడప దాటి పనికెళ్లిందా? నాన్న పెన్షన్ మీద గౌరవంగా ఇల్లు నడిపింది, నన్నూ చెల్లినీ పెంచింది. నెల మొదట్లో నల్లకోటు వేసుకుని కిందికెళ్లి పెన్షన్ తెచ్చేది. నేను పైన తాడుబండి దగ్గర కాచుకుని ఉండేవాణ్ణి. సంచిలో రొట్టె, సీతాఫలం, ఒక డబ్బా పీచ్ పళ్లు ఉండేవి. ఆ పీచ్ రసం గిన్నె అంచుకి నోరు పెట్టి తాగేవాళ్లం. రాజాలా బతికాం ఎల్సీ! అదీ పెన్షనంటే. ఇంట్లో ఉండే ఆడదాన్ని చచ్చిన మొగుడు కూడా పోషిస్తాడు."

ఎదువీనా కప్పు కింద పెట్టింది. పెట్టిన చప్పుడుకి ఇద్దరూ తిరిగి చూశారు.

"ఏ పెన్షన్?" అంది.

*

"నాన్న పెన్షనమ్మా" అన్నాడు నిబాల్దో, చెవిటివాళ్లకి చెప్పినట్టు గట్టిగా.

"నాకు బాగానే వినిపిస్తుంది, అరవకు. మీ నాన్న పెన్షన్ అని ఒక్క నాణెం ఈ ఇంట్లోకి రాలేదు."

"అదేంటమ్మా? నల్లకోటు వేసుకుని..."

"నల్లకోటు వేసుకుని రేవు పక్క హోటలుకి పోయేదాన్ని. దాని అడుగున నేలమాళిగలో లాండ్రీ ఉండేది. వారానికి నాలుగు రోజులు దుప్పట్లు ఇస్త్రీ చేసేదాన్ని. నెలకోసారి జీతం ఇచ్చేవాళ్లు. ఆ పూట కోటు వేసుకెళ్లేదాన్ని, నలుగురూ చూస్తారు కదా అని."

నిబాల్దో తల్లి మొహమే చూస్తున్నాడు. ఎల్సీరా మాత్రం అత్తగారి కుడిచేతి వైపు చూసింది. మోచేతి కింద జానెడు పొడుగున ఒక పాత కాలిన మచ్చ. పెళ్లైన కొత్తలో అడిగితే, 'రొట్టెలు కాల్చే పొయ్యి అంటుకుందమ్మా' అంది ఆవిడ. రొట్టెల పొయ్యికి అంత తిన్నటి అంచు ఉండదని ఎల్సీరాకి అప్పుడే తెలుసు. అడగకూడదని కూడా తెలుసు.

"వారానికి నాలుగు రోజులా?" నిబాల్దో గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "నువ్వు పెద్దమ్మని చూడ్డానికి వెళ్లేదానివిగా. మంచాన పడ్డ పెద్దమ్మ. గంజివాసన వచ్చేది నీ దగ్గర. పెద్దమ్మ పక్కదుప్పట్లు మార్చానని చెప్పేదానివి."

"ఏ పెద్దమ్మరా? మా అమ్మకి నేనొక్కదాన్నే. నువ్వెప్పుడైనా లెక్కేసుకున్నావా? ఆ పెద్దమ్మ పన్నెండేళ్లు మంచంలో ఉంది. ఒక్కనాడైనా చూసొద్దామని అడిగావా?"

అడగలేదు. జబ్బుమనుషుల్ని చూడ్డానికి వెళ్లేది ఆడవాళ్లని ఆయనకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఆ గంజివాసన మాత్రం ఇప్పటికీ ముక్కులో ఉంది. పనిలోంచి అలిసి వచ్చి అమ్మ ఒడిలో మొహం పెట్టుకుంటే వచ్చే వాసన. హాయిగా, వెచ్చగా, ఉతికిన గుడ్డల వాసన. ప్రపంచంలోకెల్లా క్షేమమైన వాసన అదేనని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఎవరి పడకల మీదో దుప్పట్ల వాసన అది.

"మరి నాన్న పెన్షన్ ఇవ్వలేదా గనివాళ్లు?" అన్నాడు కోపంగా. ఎవరిమీద కోప్పడాలో తెలియక గనివాళ్ల మీద కోప్పడ్డాడు. "అన్యాయం కదూ! విధవకి రావలసింది..."

"విధవకి వస్తుంది" అంది ఎదువీనా. "నేను విధవని కాను."

వీధిలో ఎవరో కుక్కని కేకేస్తున్నారు.

ఎల్సీరా లేచి వెళ్లి అత్తగారి పక్కన నిలబడింది. "అత్తయ్యా, ఏమంటున్నారు మీరు? నిదానంగా చెప్పండి."

"నిదానంగానే చెప్తున్నానమ్మా. ఇన్నేళ్లు నిదానించాను, ఇంకెంత నిదానించాలి?" ముసలావిడ శాలువా సర్దుకుంది. "వీడు నిన్ను వంటింట్లో కూలేసి, నన్ను చూపించి ఉదాహరణ చెప్తున్నాడు. అది మాత్రం నేను వినలేను. ఒరేయ్, అప్పుడు నాలుగు నెలలు మీ నాన్న దగ్గర్నుంచి ఏమీ రాకపోతే నేను ఉత్తరాదికి వెళ్లాను గుర్తుందా? మిమ్మల్ని పక్కింట్లో వదిలి."

"గుర్తుంది. నల్లబట్టలతో తిరిగొచ్చావు."

"వచ్చాను. అక్కడ ఇల్లు కనుక్కున్నాను. ముంగిట్లో ఒకామె చొక్కాలు ఆరేస్తోంది. నిండు నెలలు. ఆ చొక్కా కాలరు నేను తిప్పి కుట్టిందే. నా కుట్టు నాకు తెలియదా! లోపల మీ నాన్న సూప్ తాగుతున్నాడు. నన్ను చూసి తెల్లబోయి, ఏం చెయ్యాలో తోచక, 'కూర్చో ఎదువీనా, సూప్ తాగు' అన్నాడు."

"నువ్వేం చేశావు?"

"తాగాను. మూడు రోజుల ప్రయాణం, ఆకలేసింది. ఆమె చక్కగా వండింది కూడా. తాగి, గిన్నె కడిగి పెట్టి వచ్చేశాను. దారిలో బజార్లో ఆగి గుడ్డలకద్దే నల్లరంగు పొట్లం కొన్నాను."

ఎల్సీరాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ ఆపుకుంది.

"ఎందుకమ్మా?" నిబాల్దో బల్ల పట్టుకుని అడిగాడు. "వెళ్లిపోయాడని చెప్తే సరిపోయేదిగా. చనిపోయాడని ఎందుకు..."

"మొగుడు వదిలేసినదానికి ఈ కొండమీద గది అద్దెకెవరిస్తారురా ఆ రోజుల్లో? విధవకైతే కొట్టువాడు కాస్త ఆగుతాడు. పంతులమ్మ పిల్లల తల నిమురుతుంది. మీ నాన్న పోయాడంటేనే కదా, జాలిపడి నిన్ను పదిహేడేళ్లకే తాడుబండి దగ్గర నూనెపోసే పనికి తీసుకున్నారు! మొగుణ్ణి చంపేస్తేనే బతకగలిగాం. బతికున్నవాణ్ణి చంపాను, లేనిదాన్ని పన్నెండేళ్లు మంచంలో బతికించాను. దేవుడు నన్ను ఏ లెక్కలో వేసుకుంటాడో మరి."

"మరి ఆ శిలువ దగ్గర పువ్వులు?" అంది ఎల్సీరా. పొద్దున పెట్టిన పువ్వులింకా వాడి కూడా ఉండవు.

"మా అమ్మకి. ఆవిడా దూరానే పోయింది. నేను ఎవరికని చెప్పానా? మీరే అనుకున్నారు."

నిబాల్దో లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. అది ఆయనకి అలవాటు. ఇరవై ఏళ్లుగా రోజుకి పదిసార్లు అలా చెయ్యి వేసి చూసుకుంటాడు, ఇంకా కొట్టుకుంటోందా అని. "మరి తాత? పెదనాన్న? వాళ్ల గుండె..."

"మీ తాత మీద భూకంపానికి గోడ పడింది. గోడ పడితే ఎవరి గుండైనా ఆగుతుంది. మీ పెదనాన్న తాగి రేవులో పడ్డాడు. పిల్లలకి చెప్పే మాటలా అవి? అందుకే అందరికీ గుండె అని చెప్పేశాం. నువ్వు దాన్ని పట్టుకుని ముడుచుకు కూర్చుంటావని నాకేం తెలుసు! నలభై నాలుగో ఏట నువ్వు ఏడిస్తే నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నాన్న చచ్చాడని పూలు పెట్టే కొడుకు, బతికున్నాడని తెలిస్తే వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటాడేమోనని భయం వేసింది. అంత కష్టపడి పెంచుకున్నది నేను కదా."

ఎల్సీరా ఆ కాలిన మచ్చ ఉన్న చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. అత్తగారి మీద ఇంత ప్రేమ తనకి ఎప్పుడూ పుట్టలేదనుకుంది. ఎన్ని దుప్పట్లు! ఎన్ని వేల దుప్పట్లు! ఏ పట్టికలోనూ ఒక్కటి కూడా ఎక్కలేదు. ఇప్పుడీవిడకి వస్తున్నది, ముసలివాళ్లందరికీ సర్కారు జాలిపడి ఇచ్చే నాలుగు డబ్బులే.

"కాబట్టి ఇది బడి మానదు" అంది ఎదువీనా కోడలి చెయ్యి వదలకుండా. "దాని పేరున పడేదేదో పడనీ. నువ్వు పోయాక బతకడానికి కాదురా, నువ్వుండగా బతకడానికి."

బయట పొగమంచు రేవు మీద నుంచి ఎక్కివచ్చి కిటికీకి అంటుకుంది. నిబాల్దో మొహంలో కోపం లేదు. కొత్తగా ఇంటికొచ్చిన చుట్టంలా తన కుర్చీలో తనే ఇబ్బందిగా కూర్చున్నాడు.

"నాన్నకి ఏమైంది తర్వాత?" అని అడిగాడు చివరికి. "ఎప్పుడు పోయాడు?"

"పోలేదు."

"పోలేదంటే?"

"పోలేదంటే పోలేదు. ఆ కడుపులో ఉన్న పిల్ల ఏడాదికోసారి నాకు ఫోన్ చేస్తుంది. మంచిపిల్ల, దాని తప్పేముంది! వచ్చే నెలకి తొంభై రెండు మీ నాన్నకి. పళ్లన్నీ సొంతవే. రోజూ పొద్దున్నే నడిచెళ్లి రొట్టె తనే తెచ్చుకుంటాడట."

తొంభై రెండు. ఎల్సీరా మొగుడి వైపు చూసింది. ఉన్న రెండు మూడేళ్లనీ రైలు టికెట్ల కింద ఖర్చుపెట్టేద్దామనుకున్న మనిషి, ఉన్నట్టుండి ఇరవై ఏడేళ్లు ఒళ్లో వచ్చి పడితే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. సంతోషించాల్సింది. ఆయన మొహం మాత్రం పాలిపోయింది.

"రేపు ఆ కాగితం మీద రెండోది కాదు, మొదటిదే పెడతాను" అన్నాడు నెమ్మదిగా. "నీ పెద్దావిడకి కూడా నేనే వెళ్లి చెప్తాను, పొరపాటున వాగానని." ఎల్సీరా గుండెలమీది బండ దిగినట్టయింది. ఆయన ఇంకా ఏదో అనాలని చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. "కానీ ఎల్సీ... ఇన్నేళ్లు... నువ్వు బడికెళ్తావు. నేను... ఇన్నేళ్లు నేనేం చెయ్యాలి?"

చావడం గురించి ఇన్నాళ్లు ఆలోచించిన మనిషికి బతకడం గురించి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలి?

"ఆ మాటేదో మీ నాన్ననే అడుగు" అంది ఎదువీనా. "గురువారం బస్సుకి వస్తున్నాడు."

ముసలావిడ చల్లారిన టీ ఒక గుక్క తాగి మళ్లీ అందుకుంది.

"ఆ పిల్ల పోయినవారం ఫోన్ చేసింది. దాని తల్లి మొన్నటి చలికాలంలో పోయిందట. ఆయనకి తోడు ఎవరూ లేరు. అది అక్కడి రేవు ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. మానేసి తండ్రిని చూసుకోమన్నారట దాని తమ్ముళ్లు. ససేమిరా మాననంది. మానకూడదు కూడా. నేనూ అదే చెప్పాను. ఆయన్ని ఇక్కడికి పంపడానికి టికెట్ కొనేశారు. రావద్దని నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను."

"వస్తే మంచిదే అత్తయ్యా, ఉండనివ్వండి" అంది ఎల్సీరా, ఏదో ఒకటి అనాలి కాబట్టి. అని, ఒక్క క్షణం ఆగి అడిగింది. "కానీ తొంభై రెండేళ్ల మనిషి. పగలంతా ఆయన్ని ఎవరు చూసుకుంటారు?"

తల్లీ కొడుకూ ఇద్దరూ ఒక్కసారే తలెత్తి ఎల్సీరా వైపు చూశారు.